ఊఁ కొట్టిన పాపం

ఫోన్లో జనం ఫిర్యాదులు వినడం అతని ఉద్యోగం. నీళ్ళు రావడం లేదని ఒకరు, వచ్చినవి పోవడం లేదని ఇంకొకరు పొద్దున్నుంచీ బుర్ర తినేవాళ్ళు. అన్నీ నవ్వుతూ వింటాడని ఆఫీసులో ఓపికరావు అని పేరు పెట్టారు. ఇంటికొచ్చాక మాత్రం చెవులకి సెలవిచ్చేసేవాడు. భార్య ఏం చెప్పినా "ఊఁ" అనేవాడు.

అలాంటి ఒక ఊఁ పుణ్యమా అని ఇంట్లోకి పిల్లి వచ్చింది. దిక్కులేని జంతువుల ఆశ్రమం నుంచి తెచ్చుకున్న పిల్లి, వయసు మళ్ళింది, ఉత్త బిడియస్థురాలు. బుట్టలోంచి దిగి సరాసరి ఓపికరావు వాలుకుర్చీ కిందికి దూరింది.

"ఇక మీరు దాంట్లో కూర్చోకండి. ఊగితే హడలిపోతుంది," అంది భార్య.

"మరి నేనెక్కడ కూర్చోను?"

"స్టూలుంది కదా."

"అది బల్బు మార్చుకోడానికి."

"బల్బు మార్చనప్పుడు కూర్చోండి."

వారం తిరిగేసరికి నడుం పట్టేసింది. అప్పుడు భార్య దిగులుగా చెప్పింది. ఆశ్రమం డాక్టరమ్మ శనివారం వస్తుందట. అప్పటికీ పిల్లి దాక్కునే ఉంటే, ఈ ఇల్లు దానికి పడలేదని వెనక్కి తీసుకుపోతుందట. ఈ ఒక్క మాట మాత్రం ఓపికరావు శ్రద్ధగా విన్నాడు.

మర్నాటి నుంచి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి, భార్య బడిలో పాఠాలు చెప్పి వచ్చేలోపు, పిల్లి కంచం పట్టుకుని కుర్చీ ముందు చతికిలబడేవాడు. బెదిరి ఇంకా లోపలికి ముడుచుకోవాలని గరిటెతో ఎడాపెడా వాయించేవాడు. పిల్లి మాత్రం కదలకుండా అతన్నే చూసేది. ఆ చూపుకి తట్టుకోలేక, సిగ్గుపడి, కంచంలో ఒక చేపముక్క పడేసి వంటింట్లోకి పారిపోయేవాడు. మర్నాడు ఇంకాస్త గట్టిగా వాయించి, ఇంకాస్త పెద్ద ముక్క వేసేవాడు.

శనివారం డాక్టరమ్మ వచ్చింది. పిల్లి కుర్చీ కిందే ఉంది. ఆవిడ కాసేపు చూసి, నిట్టూర్చి, బుట్ట మూత తీసింది. భార్య మొహం తిప్పుకుంది. ఓపికరావుకి ఎక్కడో కలుక్కుమంది. అయినా నడుం గుర్తొచ్చి, లోపలికెళ్ళి కంచమూ గరిటే తెచ్చాడు.

"ఇవి కూడా తీసుకెళ్ళండి, దానికి అలవాటైనవి," అన్నాడు.

కంచం కంటబడగానే పిల్లి బయటికొచ్చింది. అతని కాలికి ఒళ్ళు రుద్దుకుని, పాదాల మీద కూర్చుని పైకి చూసింది.

"చెవిటి పిల్లికి కంచం చూపిస్తే రావడం నేర్పారా?" అంది డాక్టరమ్మ ఆశ్చర్యంగా. "ఎవరండీ నేర్పింది?"

"చెవిటిదా?" అన్నాడు ఓపికరావు.

"మా ఆయనే," అంది భార్య. "రోజూ మధ్యాహ్నం, ఎంతో ఓపిగ్గా. వీధంతా వినబడేదట, పక్కింటావిడ చెప్పింది."

డాక్టరమ్మ మెచ్చుకున్నకొద్దీ అతని తల కిందికి దిగిపోయింది. కిందేమో పిల్లి చూస్తోంది.

ఆవిడ ఖాళీ బుట్టతో వెళ్ళాక మెల్లిగా అడిగాడు. "చెవిటిదని నాకు చెప్పొద్దూ?"

"తెచ్చిన రోజే చెప్పాను. పిలిస్తే రాదు, పొగరుబోతని పాతవాళ్ళు వదిలేసి పోయారనీ చెప్పాను. ఊఁ అన్నారు."

"నేనెందుకు వాయిస్తున్నానో తెలిసీ ఊరుకున్నావా?"

"కూరలో చేపముక్కలు తగ్గుతున్నాయి కదా, మచ్చికవుతుందిలే అనుకున్నా. మీకు చెబితే మాత్రం వినబడుతుందా?"

ఊఁ అనబోయి మింగేశాడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. స్టూలు ఆవిడ దగ్గరికి లాక్కుని, "ఇంకోసారి చెప్పు. మొదట్నుంచీ," అన్నాడు.

ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. అప్పటికే పిల్లి కుర్చీ కింద మానేసి కుర్చీలోకెక్కి పడుకుంది.