రేటు తగ్గేదాకా

రద్దీ వేళల్లో టోలు ఎక్కువ, మిగతా వేళల్లో సగం అనే కొత్త పద్ధతి కృష్ణగిరి దారిలో అమలులోకి వచ్చిన నాటి నుండి గేటు దగ్గర గాలి ఎంతో శుభ్రపడిందని ఇందుమూలంగా తెలియజేయడమైనది. పొగ కొలిచే యంత్రాన్ని గేటుకే బిగించారు కనుక అనుమానానికి తావు లేదు.

వాహనాలు తగ్గలేదు. గేటుకు కాస్త ఇవతల, కుందారపల్లిలో రైతు కదిరప్ప టమాటా తోట పక్కన, రేటు తగ్గేదాకా వరసగా నిలబడుతున్నాయి. ఎండకు ఏసీ కావాలి, ఏసీకి ఇంజను తిరగాలి. లారీలవాళ్లు తోటలోనే కాలకృత్యాలు తీర్చుకుని నేలకు ఉచితంగా సత్తువ చేకూరుస్తున్నారు. మగపెళ్ళివారి బస్సు అక్కడే ఆగిపోవడంతో ఒక ఇంటివారు ముహూర్తాన్ని టోలు తగ్గే వేళకు మార్చుకున్నారు. గ్రహాలకు అభ్యంతరం లేదని పురోహితుడు ధ్రువీకరించాడు.

టమాటా ఆకులు నల్లబడ్డాయి. కదిరప్ప భార్య కెంపమ్మకు దగ్గు పట్టుకుంది. కదిరప్ప గేటుకు పోయి మేనేజరు జయప్రకాశ్‌కు మొరపెట్టుకున్నాడు. ఆయన ఓపికగా విని, యంత్రం చూపించాడు.

"చూడప్పా, ఈడ పొగే లేదు. దేశం గాలి బాగుపడాలంటే ఎవరో ఒకరు ఓర్చుకోవాల గదా."

ఆ నెలలోనే గేటుకు పచ్చదనం బహుమతి వచ్చింది. సభలో కదిరప్పకూ శాలువా కప్పారు. కెంపమ్మ దాన్ని ముక్కుకు అడ్డం కట్టుకుంది.

ఒకరోజు ఆమెకు ఊపిరి అందలేదు. మేనల్లుడు మంజునాథ్ కారు తెచ్చాడు. ముగ్గురూ కృష్ణగిరి ఆస్పత్రికి బయలుదేరారు. గేటు కనబడగానే మంజునాథ్ ఫోన్లో రేటు చూసి, కాసేపు ఆగితే సగమే పడుతుందని చెప్పాడు. కెంపమ్మ గేటు వైపు చెయ్యి చూపించింది. కదిరప్ప ఆ చేతిని మెల్లగా దించి, కొంచెం ఓర్చుకోమన్నాడు.

కారు అంగాళమ్మ అనే రైతు చామంతి తోట పక్కన ఆగింది. ఇంజను ఆగలేదు.

అంగాళమ్మ దగ్గుకుంటూ వచ్చి అద్దం తట్టింది. "ఇంజను ఆపప్పా, పూలన్నీ మసిబారిపోతా ఉండాయి."

కదిరప్ప అద్దం కాస్త దించాడు. "ఎట్లమ్మా ఆపేది? మా ఆడమనిషికి ఊపిరాడకుండా ఉంది. ఏసీ ఉండాల."

బయటి పొగ లోపలికి వస్తుందని వెంటనే అద్దం ఎత్తేశాడు.