పదిహేడు మలుపుల గొట్టం

ఒక పెద్ద అడవిలో ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. చెరువు ఉంది గానీ అది గట్టుకు ఇవతల. కుందేళ్ళ దోసపాదులు అవతలి పల్లంలో. పాదులు వాడిపోతుంటే, వెదురు గొట్టాలు వేసి నీళ్ళు పంపాలని అడవి సంఘం నిర్ణయించింది. ఏనుగు గున్నప్ప చెరువులో నీళ్ళు పీల్చి గొట్టంలోకి ఊదాలి. చివరి పాదు దగ్గర ఎంత జోరు మిగులుతుందో లెక్కగట్టే పని ముళ్ళపంది ముత్యాలుకి పడింది.

ముత్యాలు గాలిలో లెక్కలు వేసే రకం కాదు. కొన్ని గొట్టాలు వేయించి, అక్కడక్కడ తన ముల్లుతో చిల్లు పొడిచి, నీరు ఎంత ఎత్తుకు చిమ్ముతుందో కొలిచింది. మొదట్లో మూరెడు. ఇరవై గొట్టాలు దాటాక జానెడు. ఒక్క మలుపు తిప్పితే ఇంకో బెత్తెడు తగ్గింది.

"లావుపాటి గొట్టాలు తిన్నగా వేస్తే పాదులకు నీళ్ళందుతాయండీ," అని సంఘానికి చెప్పింది.

కార్యదర్శి నక్క జంబూకరావు నవ్వాడు. "తిన్నగా వేస్తే అధ్యక్షులవారి గుహ ముందు నుంచి పోదు కదమ్మా!"

అధ్యక్షుడు ఎలుగుబంటి గొంతు సవరించుకున్నాడు. "అదీ నిజమే."

దాంతో గొట్టం ముందు గట్టు మీది జంబూకరావు బొరియ దగ్గర వంగింది. తర్వాత ఎలుగుబంటి గుహ దగ్గర. ఆపైన సభ్యులందరి గుమ్మాల ముందూ. మొత్తం పదిహేడు మలుపులు!

"ఒక్కో మలుపూ ఇంత జోరు తినేస్తుంది. చివరికి చుక్కలే మిగులుతాయి," అంది ముత్యాలు.

"తినడానికి మలుపులేమైనా సభ్యులా?" అన్నాడు జంబూకరావు. సభ పగలబడి నవ్వింది. "జోరు నష్టం సున్నా అని తీర్మానిద్దాం. చేతులెత్తండి!"

అన్ని చేతులూ లేచాయి. ముత్యాలు ముళ్ళు కూడా లేచాయి గానీ వాటిని ఎవరూ లెక్కపెట్టలేదు.

ప్రారంభోత్సవం నాడు గొట్టం చివర ముసలి కుందేలు చెవులమ్మ ఆశగా నిలబడింది. గున్నప్ప ఊదాడు. ఒక చుక్క రాలింది. కాసేపాగి ఇంకోటి.

"ఇవి నీళ్ళా నాయనా, కన్నీళ్ళా?" అంది చెవులమ్మ.

జంబూకరావుకు తల కొట్టేసినట్టయింది. "ఇంకో ఏనుగును పిలవండి! ఇద్దరూ కలిసి ఊదండి!"

ముత్యాలు పరుగెత్తుకొచ్చింది. "వద్దండీ! చివరికి చేరేలోపే మొదట్లో గొట్టం పగులుతుంది!"

"నష్టం సున్నా అనుకున్నాక మొదలేంటి, చివరేంటి? ఊదండి!"

ఊదారు. ఫట్‌మని మొదటి మలుపే పగిలింది. నీళ్ళన్నీ జంబూకరావు బొరియలోకి దూకాయి. ఆయన పరుపు తేలుతూ బయటికొచ్చింది. దాని వెనకే నీళ్ళు గట్టు దిగి, ఏ మలుపూ లేకుండా తిన్నగా దోసపాదుల్లోకి పారాయి. చెవులమ్మ బురదలో గంతులేసింది.

ఆ సాయంత్రమే సంఘం సమావేశమై, పథకం విజయవంతమైందని కార్యదర్శిని అభినందించింది. గొట్టం పగలడానికి ముత్యాలు ముందే పలికిన అపశకునపు మాటే కారణమని తేల్చి, ఆమెను లెక్కల పని నుంచి తప్పించింది. జంబూకరావు పరుపు ఆరబెట్టే పని అప్పగించింది.

 ముత్యాలు బుద్ధిగా ఆ పరుపును తన వీపు మీదే పరిచి, ఎండలో రెండుసార్లు గట్టిగా ఒళ్ళు విరుచుకుంది.

నీతి: నష్టాన్ని ముందుగా లెక్కగట్టినవారే ఆ నష్టానికి బాధ్యులు.