నవ్వకండిగారి నిద్రగన్నేరు

ఓ లోకబాంధవా, సహస్రకిరణా! చీకటి కడుపులో దాగిన చెట్టునూ పుట్టనూ ప్రతి ఉదయం మా కంటికి తెచ్చి చూపేవాడవు నీవే. నీ వెలుగు లేనిదే చూపు లేదు, చూపు లేనిదే చిత్రం లేదు. అట్టి నీకు మ్రొక్కి, ఆ వెలుగునే చిన్న పెట్టెలో పట్టబోయి నానా అగచాట్లు పడిన ఒక మంచివాడి కథ చెబుతున్నాను. తప్పులుంటే మన్నించు. వినేవారికి నవ్వు వస్తే అడ్డుపడకు.

ఆయన పాస్‌పోర్టు ఫోటోల స్టూడియో యజమాని. ముప్పయ్యేళ్లుగా కుర్చీలో కూర్చున్న ప్రతివారితోనూ "నవ్వకండి" అనడం చేత ఊరందరికీ ఆయన నవ్వకండిగారు. ఆ స్టూడియోలో కెమెరా స్టాండును నేలకు బిగించేశారు. జరగవలసింది ఎదుటివారే. "కొంచెం ఎడమకి. గడ్డం పైకి. చెవులు రెండూ కనబడాలి." అలా తీసిన వేలకొలది ముఖాలు దరఖాస్తుల మీద ముద్రల కింద నలిగాయే గాని, ఒక్కటీ గోడ ఎక్కలేదు. అదే ఆయన దిగులు. ఇప్పుడు గ్రంథాలయంవారు ఒంటిచెట్టు దృశ్యానికి పోటీ పెట్టి, గెలిచిన చిత్రాన్ని చదువరుల గదిలో వేలాడదీస్తామన్నారు. అందులో మనిషి గాని, మనిషి చేసిన వస్తువు గాని కనబడరాదు. ఈ కథ జరిగిన రోజు సాయంత్రం ఆరు గంటలకే గడువు.

"పదింటికల్లా వచ్చి స్టూడియో తెరిచేస్తాను" అని చెప్పి, భార్యనూ బావమరిదినీ వెంటబెట్టుకొని ఆయన ఉదయమే ఆటస్థలం అవతలి దిబ్బ దగ్గరకు వెళ్లాడు. దిబ్బ మీద నిద్రగన్నేరు చెట్టు ఒంటరిగా, హుందాగా నిలబడి ఉంది. దాని వెనుక నుంచి ఒక దీపస్తంభం కొమ్ములా పొడుచుకొచ్చింది.

"కొంచెం ఎడమకి జరగాలండీ" అన్నాడాయన, అలవాటు చొప్పున, చెట్టుతో.

"అది జరగదు. మీరే జరగండి" అన్నది భార్య.

"ముప్పయ్యేళ్లలో నేనెప్పుడైనా జరిగానా?"

"లేదు. పెళ్లయినప్పటి నుంచీ నా గోల అదేగా!"

ఆయన వినిపించుకోలేదు. స్టూడియో తెల్లగుడ్డ తెప్పించి చెట్టు వెనుక కట్టించాడు. "గుడ్డ మాత్రం మనిషి చేసింది కాదా, బావా?" అంటే, "మేఘమనుకుంటార్లే" అన్నాడు. చట్రంలో ముఖం ముప్పాతిక వంతు ఉండాలి గనుక టేపుతో మాను కొలిచి, అంకెలు సుద్దముక్కతో దాని మీదే రాశాడు. ఒక కొమ్మ ముందుకు వాలి నుదుటిని కప్పేస్తున్నదని తోచగా, దాన్ని వెనక్కి లాగి కట్టడానికి బావమరిదిని తాడిచ్చి నిచ్చెన ఎక్కించాడు.

సరిగ్గా అప్పుడే, ఊళ్లో సగం మందికి చదువు చెప్పి రిటైరైన టీచరమ్మ నడకకు వచ్చింది. కొలతలు చూసింది. తాడు చూసింది.

"ఏరా, ఏమిటిది?"

"బావ పనండీ" అన్నాడు బావమరిది నిచ్చెన మీద నుంచి. "సాయంత్రం ఆరింటికల్లా ముగించెయ్యాలి."

"ఎవరు చెయ్యమన్నారు?"

"గ్రంథాలయం వాళ్లండీ."

"చెట్టు కొట్టించేస్తారా! పుస్తకాలుండే చోట ఇంత ఘోరమా!" అంటూ ఆమె మానును రెండు చేతులా వాటేసుకుంది. ఆమె గొంతుకు ఒకప్పుడు మూడు తరగతులు నిశ్శబ్దమయ్యేవి. ఇప్పుడు నలభై మంది పోగయ్యారు.

"ఫోటో కోసమండీ!" అని మొత్తుకున్నాడు నవ్వకండిగారు.

"ఫోటోకి తాడెందుకు?"

"నుదురు కనబడాలని."

ఆ సమాధానంతో ఉన్న నమ్మకం కూడా పోయింది.

మధ్యాహ్నానికి తోటల శాఖ అధికారి వచ్చాడు. చెట్టు కొట్టమని ఉత్తర్వు లేదు, కొట్టవద్దనీ లేదు. తల గోక్కొని తేల్చాడు: "అభ్యంతరమున్నవాళ్లు తలా ఒక అర్జీ పెట్టండి. అర్జీకి ఒక పాస్‌పోర్టు సైజు ఫోటో. వెనకాల తెల్లగా ఉండాలి."

నలభై తలలు తెల్లగుడ్డ వైపు తిరిగాయి.

ఆయన కాదనబోయాడు. వచ్చిన మాట "నవ్వకండి" ఒక్కటే. తన మీద ఇచ్చే అర్జీలకు తానే, ఒక్కొక్కరి చెవులూ సరిచూస్తూ, ఫోటోలు తీశాడు. బావమరిది ప్రింట్ల కోసం స్టూడియోకీ దిబ్బకీ మధ్య పరుగులు తీశాడు. ఆఖరున టీచరమ్మ నిలబడేసరికి అయిదు దాటింది. నిద్రగన్నేరు ఆకులు ఒక్కటొక్కటిగా ముడుచుకోసాగాయి.

"అయ్యో, కళ్లు మూసేస్తోంది!" అని ఆయన చెట్టు వైపు చూసి అంగలార్చాడు.

టీచరమ్మ తెల్లబోయి ఆయన భార్యను అడిగింది. ఆమె పోటీ సంగతి, గోడ సంగతి, ముప్పయ్యేళ్ల దిగులు సంగతి చెప్పింది.

"ముందే చెప్పొద్దూ!"

"పొద్దుటి నుంచీ చెబుతూనే ఉన్నారండీ, ఆయన భాషలో."

టీచరమ్మ ఒక్క కేక వేసింది. నలభై మందీ ఒక్కసారిగా కదిలారు. గుడ్డ ఊడింది, తాడు వీడింది, నిచ్చెన దిగింది. సుద్ద అంకెలను ఆమె కొంగుతోనే తుడిచింది. ఆ తొక్కిసలాటలో ఎవరి భుజమో తగిలి నవ్వకండిగారు కెమెరాతో సహా నాలుగడుగులు పక్కకు వెళ్లిపోయాడు. తిట్టబోతూ కెమెరాలోకి చూశాడు. స్తంభం లేదు! అది బుద్ధిగా మాను వెనుక నిలబడింది. దిబ్బ, ఏటవాలు వెలుగు, సగం కన్ను మూసిన చెట్టు. అంతే. ఆయన నొక్కాడు.

భార్య గడియారం చూపించింది. బావమరిది ఆఖరి పరుగు తీసి, ఆరు కొట్టకముందే ప్రింటును గ్రంథాలయంలో ఇచ్చి వచ్చాడు.

చిత్రం గెలిచి గోడ ఎక్కింది. దాని కింద పెట్టడానికి మీ పాస్‌పోర్టు ఫోటో పంపండని గ్రంథాలయం నుంచి ఉత్తరం వచ్చింది. ముప్పయ్యేళ్లలో తనది ఒక్కటీ తీసుకోలేదని ఆయనకు అప్పుడే తెలిసింది. కుర్చీలో కూర్చున్నాడు. కెమెరా వెనుక భార్య నిలబడి, "కొంచెం జరగండి. నవ్వకండి" అన్నది.

ఆయన జరిగాడు గాని, నవ్వాడన్న కారణం చేత ఆ ఫోటోను తానే తిరస్కరించాడు.

ఈ కథ విన్నవారి తల మీద నీడా, ఎదుట వెలుగూ ఎన్నడూ తరగకుండు గాక! అవసరమైన వేళ నాలుగడుగులు పక్కకు జరిగే బుద్ధిని ఆ లోకబాంధవుడు అందరికీ ప్రసాదించు గాక!