జివ్వుమన్న బొటనవేలు, మాయమైన రోక్ చీటీ

“ఈ ఊళ్ళో దొంగతనం చేయాలంటే ముందు నా మెదడును దొంగిలించాలి రూడీ. అది ఎవరివల్లా కాదు,” అన్నాడు గ్విదో పిర్నాత్, ఒటీలియా టీచరు ఇంటి మెట్లెక్కుతూ.

ముందు అదెక్కడుందో తెలియాలిగా అనుకున్నాడు రూడీ. పైకి అనలేదు. నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేసిన మనిషి, పనిచేయని వస్తువును చూసి విసుక్కునే అలవాటు ఆయనకు లేదు. గ్విదో రైల్లో టిక్కెట్లు తనిఖీ చేసి రిటైరయ్యాడు. పెళ్ళీ పెటాకులూ లేవు, ఇంటికెళితే పలకరించే నాథుడు లేడు. అందుకే రిటైరైన మర్నాడే తనను తాను ష్కోఫ్యా లోకా పట్టణానికి డిటెక్టివ్‌గా నియమించుకున్నాడు. ఇప్పటివరకు చేపట్టినవి మూడు కేసులు. పోయిన గొడుగు కేసులో గొడుగు ఆయన చంకలోనే దొరికింది. మిగతా రెండూ ఇంకా దర్యాప్తులో ఉన్నాయి.

ఈసారి కబురు పెట్టింది ఒటీలియా టీచరు. ఎనభై మూడేళ్ళ మనిషి, వీళ్ళిద్దరికీ చిన్నప్పుడు చదువు చెప్పింది. ఆమె అరవై ఏళ్ళుగా ఒక్క మాట వెంటపడి తిరుగుతోంది. ఆ మాట “రోక్”. చెక్ భాషవాళ్ళకు రోక్ అంటే సంవత్సరం. ఇక్కడ స్లోవేనియాలో గడువు. డచ్చివాళ్ళకు లంగా. నార్వేలో రాతలో ఒక అక్షరం ఎక్కువ పెట్టి, రాట్నాన్ని అలాగే పిలుస్తారు. ముఖాలు ఒకటే గానీ పుట్టిళ్ళు వేరు. గడువూ సంవత్సరమూ “చెప్పడం” అనే పాత స్లావు మాట పిల్లలు. ఫలానా రోజుకల్లా అని ఒకరు మాటిస్తే అది గడువు, ఆ గడువు పెరిగి పెద్దదైతే సంవత్సరం. లంగా పుట్టింది వేరే ఇంట్లో, రాట్నం పుట్టింది ఇంకో ఇంట్లో. ఇవన్నీ టీచరు చీటీల మీద రాసి పెట్టుకుంది.

అందులో రాట్నం చీటీ ఒక్కటి మాత్రం ఆమె రాసింది కాదు. పోయిన భర్త మాతియా రాసింది. ఆయన కుర్రతనంలో కలప మోసే ఓడ మీద వంటవాడిగా నార్వే వెళ్ళినప్పుడు పంపాడు. పట్టణ గ్రంథాలయం వాళ్ళ వార్షిక పత్రికలో ఈ చీటీలన్నిటినీ ఫొటోలు తీసి అచ్చు వేస్తామన్నారు. ఈరోజు నాలుగింటితో గడువు సరి. ఆ రాట్నం చీటీయే ఆదివారం నుంచి కనిపించడం లేదు.

ఇంకో కాగితం మీద రాసి ఇచ్చేయకూడదా అని రూడీ మెల్లగా అడిగాడు.

“నేను రాస్తే అది నా చీటీ అవుతుందిరా, ఆయనది కాదు. ఆయన్ని వదిలేసి నేనొక్కదాన్నే పత్రికలోకి ఎక్కను. మిగతావీ ఇవ్వను,” అంది టీచరు గుమ్మంలోనే నిలబడి. గొంతు గట్టిగానే ఉంది గానీ చేతులు మాత్రం చీటీల పెట్టెను వదలడం లేదు.

ఇద్దరూ గుమ్మం దగ్గర బూట్లు విప్పారు. అతిథులు ఇంటివాళ్ళిచ్చే చెప్పులు వేసుకోనిదే ఆ ఊళ్ళో ఎవరూ గడప దాటనివ్వరు. గ్విదోకు దక్కినవి ఎప్పటిలాగే మాతియాగారివి, ముందు మూసి ఉండే పాత ఊలు చెప్పులు. మాతియాది నలభై అయిదో నంబరు పాదం. గ్విదోది ముప్ఫై తొమ్మిది.

నాలుగడుగులు వేసి గ్విదో ఠక్కున ఆగాడు. కళ్ళు మూసుకున్నాడు.

“రూడీ, నా కుడికాలి బొటనవేలు జివ్వుమంటోంది. సత్యం దగ్గరలోనే ఉంది.”

“చలేమో.”

“మేధావులకు చలి వేయదు,” అన్నాడు గ్విదో. తర్వాత వంటింట్లోకి వెళ్ళి పిండి డబ్బా పట్టుకొచ్చి, అడుగుజాడలు తేలతాయంటూ ఆపేలోగా ఇల్లంతా చల్లేశాడు. వాల్‌నట్ రొట్టెకని జల్లించి పెట్టుకున్న పిండి అది. టీచరు గోడ గడియారం చూసింది. మూడు కావస్తోంది.

గ్విదో భూతద్దంతో హాలంతా కలియతిరిగాడు. వంటింట్లోకి, పడకగది గుమ్మం దాకా వెళ్ళొచ్చాడు. అయిదు నిమిషాల తర్వాత ముఖం వెలిగిపోతూ లేచి నిలబడ్డాడు.

అన్ని గదుల్లోనూ ఒకే మనిషి అడుగులున్నాయట. చెప్పు పెద్దది, కాలు చిన్నది, బరువంతా మడమ మీదే పడింది. దొంగ హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి పడకగది దాకా ఎంత తెగువగా తిరిగాడో చూడమన్నాడు. రూడీ ఆ అడుగులను చూశాడు. ఆ వరస ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో కూడా చూశాడు. అది సరిగ్గా గ్విదో కాళ్ళ కింద ఆగింది.

“గ్విదో, పిండి చల్లాక ఇక్కడ నడిచింది నువ్వొక్కడివే,” అన్నాడు.

“అదే దొంగ తెలివి. నా వెనకే నడిచాడు,” అన్నాడు గ్విదో.

అనుమానితుడు కూడా సిద్ధంగా ఉన్నాడు. ఆదివారం కాఫీకి వచ్చింది ముగ్గురే, వీళ్ళిద్దరూ, పక్కింట్లో తేనెటీగలు పెంచే యెర్నెయ్. ఆ రోజు యెర్నెయ్ ప్రపంచంలోని రోకులన్నీ ఒక తల్లి పిల్లలేనని వాదించి టీచరు చేత చీవాట్లు తిన్నాడు. గ్విదో ఆయన్ని పిలిపించాడు. తేనెటీగలకు పొగ పెట్టే డబ్బా చేత్తో పట్టుకునే వచ్చాడు యెర్నెయ్. గుమ్మంలో బూట్లు విప్పి, తనకిచ్చిన చెప్పులు వేసుకుని, పిండిని చూసి ఏమీ అడగకుండా కూర్చున్నాడు. గ్విదో ఉన్నచోట ఏమీ అడగకపోవడం మంచిదని ఊరందరికీ తెలుసు.

“వాదనలో ఓడారు. ఆ కసితో చీటీ కాజేశారు. ఒప్పుకుంటారా?” అన్నాడు గ్విదో.

“ఓడినమాట నిజమే. చీటీ నాకెందుకు బాబూ, తేనెటీగలకు చదివి వినిపించడానికా?”

“నా బొటనవేలు అబద్ధం చెప్పదు. మీరు దగ్గరికొస్తున్న కొద్దీ ఇది గుచ్చుతోంది. మీరు పిల్లిలా మునివేళ్ళ మీద నడిచి, ఇదిగో ఇలా గోడ దగ్గరికి,” అంటూ గ్విదో కుడికాలు ఎత్తి విసిరాడు.

మాతియాగారి చెప్పు కాలు వదిలి, బల్ల మీదుగా ఎగిరి యెర్నెయ్ ఒళ్ళో పడింది. దాని ముందు భాగంలోంచి ఉండ చుట్టిన కాగితం ఒకటి జారింది. యెర్నెయ్ దాన్ని విప్పి చూసి టీచరు చేతికిచ్చాడు.

రాట్నం చీటీ.

గ్విదో పిండిలో ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు.

“ఆదివారం చెప్పులు వదులుగా ఉన్నాయని సణిగింది ఎవర్రా?” అంది టీచరు.

“నేనే టీచరుగారూ.”

“కాగితం కుక్కుకుంది ఎవరు?”

బల్ల మీద ఏదో చిత్తు కాగితం ఉంటే, మాటల్లో పడి చూసుకోకుండా ఉండ చుట్టి పెట్టుకున్నానని గ్విదో ఒప్పుకున్నాడు. అంత చిన్న గొంతుతో గ్విదో మాట్లాడటం రూడీ వినడం అదే మొదటిసారి. నవ్వుదామని సిద్ధంగా ఉన్నవాడు నవ్వలేకపోయాడు. ఈ పిచ్చివాణ్ణి ఈ ఇంటికి కూడా రానివ్వకపోతే వీడెక్కడికి పోతాడని గుబులు పుట్టింది.

టీచరు చీటీని ఇస్త్రీ పెట్టె కింద పెట్టి, మడత మడతనూ నెమ్మదిగా సాపు చేసింది. తర్వాత పైకే చదివింది.

“రోక్ అంటే ఇక్కడ రాట్నం. ఒక ముసలావిడ వడుకుతుంటే చూశాను. నీకు చెప్పాలనిపించింది. వచ్చే ఏడు, నీకిచ్చిన రోక్ లోపల వచ్చేస్తాను.”

“వచ్చారా?” అన్నాడు యెర్నెయ్.

“రెండు రోజులు ముందే వచ్చారు,” అంది టీచరు. “వచ్చి మొదట అడిగింది చెప్పులు.” అంటూనే ఆమెకు నవ్వొచ్చింది. “పెట్టక పెట్టక ఆయన చెప్పుల్లోనే పెట్టావు కదరా.”

గడియారంలో నాలుగుకి పది నిమిషాలు తక్కువ. గ్విదో ఆ చీటీని మిగతావాటితో చేర్చి, పెట్టె అందుకుని, యెర్నెయ్ ఒళ్ళోంచి చెప్పు లాక్కుని తొడుక్కుని వీధిలోకి దూకాడు. ఇంటి చెప్పులతో వీధిలోకి రావడమంటే ఆ ఊళ్ళో బనీనుతో పెళ్ళికెళ్ళినట్టే లెక్క. రొట్టెల కొట్టు ముందు నలుగురు ఆగి చూశారు. గ్విదో అవేవీ పట్టించుకోలేదు. కుడి చెప్పు టపటపమంటూ వంతెన దాటి, గ్రంథాలయం తలుపు మూసే లోపల పెట్టె అప్పగించాడు.

మళ్ళీ ఆదివారం గ్విదో రానన్నాడు. రూడీయే చొక్కా పట్టుకుని లాక్కొచ్చాడు. గుమ్మం దగ్గర మాతియాగారి చెప్పులు లేవు. వాటి చోట బూడిదరంగు ఊలు చెప్పులు కొత్తవి, చిన్నవి ఉన్నాయి. వచ్చేపోయేవాళ్ళకు ఏవో ఒకటి ఇస్తారు గానీ, ఒకరి కాలి కొలతకు చెప్పులు కొని పెట్టేది ఇంట్లో మనిషికే.

గ్విదో వాటిని చాలాసేపు చూశాడు. ఇక భూతద్దం తీస్తాడని రూడీ ఎదురుచూశాడు. గ్విదో తీయలేదు. వంగి, నంబరు చూసి, తొడుక్కున్నాడు.

“సరిపోయాయట్రా?” అంది టీచరు వంటింట్లోంచి.

“సరిపోయాయి టీచరుగారూ.”

“బొటనవేలు ఏమంటోంది?” అన్నాడు రూడీ.

“ఏమీ అనట్లేదు,” అన్నాడు గ్విదో. ఆ సాయంత్రం కాఫీ అయ్యేదాకా ఆయన ఒక్క దొంగతనం గురించి కూడా మాట్లాడలేదు.