ముప్పుకు పదోన్నతి

విశాఖలోని ఒక మందుల గిడ్డంగి సంస్థలో, వెనక గేటుకు తాళం లేకపోవడం వల్ల ఏర్పడిన ముప్పు సోమవారం ఉదయం ఉద్యోగంలో చేరింది. బూడిదరంగు సఫారీ వేసుకుని, టిఫిను డబ్బా పట్టుకుని వేళకే వచ్చింది. వేలిముద్ర యంత్రం దాన్ని మొదటిసారే గుర్తుపట్టింది.

భద్రతాధికారి విశాలాక్షి ఆనందానికి పట్టపగ్గాలు లేవు. సంస్థలో ప్రతి ముప్పునూ గుర్తించి నిర్వహించాలని ఆమె ఏడాదిగా మొత్తుకుంటోంది. ఇప్పుడు ముప్పే ఎదురుగా కూర్చుని మంచినీళ్లు అడిగింది. ఆమె దానికి కిటికీ పక్క సీటు ఇప్పించి, మెడలో గుర్తింపు కార్డు వేసి, అన్ని విభాగాలకూ తిప్పి పరిచయం చేసింది. అకౌంట్సు వాళ్లు చప్పట్లు కొట్టారు.

ముప్పు రోజురోజుకీ లావెక్కింది. విశాలాక్షి దాన్ని తూచి, కొలిచి, మీటింగులో పచ్చ నుంచి ఎరుపు దాకా తీవ్రత చూపే రంగుల పటం మీద చూపించేది. అది పసుపు దాటి నారింజలోకి వచ్చిన రోజున కేకు కోశారు.

వెనక గేటు కాపలాదారు సింహాద్రి ఒకనాడు ఆమె దగ్గరకొచ్చాడు. "అమ్మా, ఆ గేటు గాలికే తెరుసుకుంటంది. ఒక్క తాళం కొనిస్తే సాలు."

ఆమెకూ అది సబబే అనిపించింది. ఆ మధ్యాహ్నమే తాళం కొని తెచ్చింది. గేటు దగ్గర ముప్పు నిలబడి ఉంది.

"అది వేస్తే నేనుండను మేడమ్," అంది మెల్లగా.

ఎండీ జగన్నాథరాజు పరుగున వచ్చాడు. "మనం చేసేది ముప్పు నిర్వహణ, విశాలాక్షిగారూ. అదే పోతే ఇంక దేన్ని నిర్వహిస్తాం? మీ విభాగం ఎందుకు?"

తాళం ఆమె హ్యాండ్‌బ్యాగులోకి వెళ్లిపోయింది.

వారం తిరగకుండానే పట్టపగలు దొంగలు ఆ గేటులోంచి వచ్చి, అడ్డుపడిన సింహాద్రి తల పగలగొట్టి, మందులన్నీ లారీకెత్తుకుపోయారు. ఆ సాయంత్రమే ముప్పుకు 'సంఘటన'గా పదోన్నతి ఇచ్చి, దండ వేసి, ప్రధాన కార్యాలయానికి సాగనంపారు. అంచనా తప్పనందుకు విశాలాక్షికి శాలువా కప్పారు.

శాలువాతోనే ఆమె ఆసుపత్రికి వెళ్లింది. కట్టుకట్టిన తలతో సింహాద్రి లేచి కూర్చోబోయాడు. అతన్ని క్షమాపణ అడగాలనే వెళ్లింది. నోరు తెరిచేలోగా ఫోను మోగింది. విన్నకొద్దీ ఆమె ముఖం వెలిగిపోయింది.

"కొత్త ముప్పు చేరుతోంది సింహాద్రీ."

"ఈసారి దేనిదమ్మా?"

"కరెంటు వైర్లది. చాలా పైకి వస్తుందంటున్నారు."

"మరి నా డూటీ ఎక్కడమ్మా?"

"దాని పక్కనే."

"అలాగైతే రేపట్నుంచి వచ్చేత్తాను," అని అతను మంచం కింద చెప్పుల కోసం వెతుక్కున్నాడు.