కొత్త మిషన్‌లో కనిపించని పెళ్లి

కొత్త విండోస్ మిషన్‌కు హార్డ్‌డిస్క్ తగిలించగానే ఆదినారాయణ కూతురి పెళ్లి మొత్తం మాయమైంది.

ప్రొద్దుటూరులో వీడియో స్టూడియో నడిపే ఇమ్తియాజ్ ఆ ఉదయం వేసుకున్న పథకం చిన్నదే. పెళ్లి వీడియోకు చివరి పాట అతికించాలి, సాయంత్రానికి పులివెందుల చేర్చాలి. అక్కడ పెళ్లికొడుకు తల్లి వెంకటసుబ్బమ్మ ఇంటి ముందు విందు, పెద్ద తెర, దాని మీద పెళ్లి. కానీ కొత్త మిషన్ ఎర్రగా, నీలంగా మెరిసి, ఈ డిస్క్ నాకు అర్థం కావడం లేదు, ఫార్మాట్ చేసేదా అని అడిగింది.

ఇమ్తియాజ్ ‘సరే’ నొక్కబోయాడు. స్టూడియోలో ఎడిటింగ్ అంతా చూసే చెల్లెలు నాజియా మౌస్ లాక్కుంది.

"నొక్కొద్దు భాయ్! నొక్కితే పెళ్లికూతురు కూడా మిగలదు. ఇది మన పాత మ్యాక్ కంప్యూటర్‌లో వాడిన డిస్క్. ఆ మ్యాక్ ఉంటేనే తెరుచుకుంటాది. అది యాడ?"

"నిన్న జమ్మలమడుగు శివకు అమ్మేస్తి గదా. ఆదినారాయణ మామే బేరం కుదిర్చె."

"మన మిషన్లతో ఆయనకేం పని?"

"కాలం మారింది, మనమూ మారాల అన్నాడు. పెద్దాయన గదా!"

ఫోన్ చేస్తే, మ్యాక్‌ను బైకు మీద తెస్తానన్నాడు శివ. అంతలో వెంకటసుబ్బమ్మ ఫోన్. ఇమ్తియాజ్ నోటికొచ్చిన అబద్ధం ఆడాడు.

"కరెంటు లేదక్కా. అందుకే ఆలస్యం."

"అంతేనా? దువ్వూరులో మా తమ్ముడి జనరేటర్ ఉండాది, పంపిస్తా. చీరలకని నేనూ ప్రొద్దుటూరికే వస్తాండా. సాయంత్రం తెర మీద బొమ్మ పడలేదంటే, మా తట్టు ఇంకొక పెళ్లి తీయవు నువ్వు!"

వాళ్లింట్లో పొయ్యి వెలిగేది పులివెందుల పెళ్లిళ్లతోనే. వీధి మలుపులో జనరేటర్ ట్రాక్టర్ కనబడగానే ఇమ్తియాజ్ పరుగెత్తి మెట్ల కింద ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. అది స్టూడియోది ఒక్కదానిదే కాదు, ఆ వరసలోని బంగారు అంగళ్లన్నిటిదీ. పట్టపగలు దీపాలు ఆరిపోతే దొంగల పనేనని యజమానులు షట్టర్లు దించేశారు, లోపలున్న కొనుగోలుదారులతో సహా.

వెనకే కారులో వియ్యంకుడు ఆదినారాయణతో దిగిన వెంకటసుబ్బమ్మ, లోపలి నుంచి షట్టర్లు బాదుతున్న చప్పుడు విని కరిగిపోయింది.

"పాపం, నిజమే చెప్పినావబ్బీ."

"పోతే పోనీలే చెల్లెమ్మా," అన్నాడు ఆదినారాయణ. "పెళ్లి కండ్లారా చూసినాం గదా. మిషన్ తప్పుకు మనుషులేం చేస్తారు?"

వెంకటసుబ్బమ్మ ఆగింది. "పోయింది కరెంటు గదన్నా. వీడియో పోయిందని నీకెవరు చెప్పినారు?"

ఆదినారాయణ తువ్వాలుతో మెడ తుడుచుకుంటుండగా, మ్యాక్‌ను దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని శివ వచ్చాడు.

"ఏం మామా, ఈడుండావా? ఈ పొద్దు నన్ను పనిగట్టుకుని కొండాపురం పొమ్మంటివే!"

జనరేటర్ మొదలైంది. డిస్క్ తెరుచుకుంది. తెర మీద మొట్టమొదటి దృశ్యం: పెళ్లికొచ్చిన నాయకుడి కాళ్ల మీద బోర్లా పడుకుని ఉన్న ఆదినారాయణ. పోయిన వారమే ఆయన ఆ నాయకుణ్ణి వదిలి అవతలి పార్టీలో చేరాడు.

"ఇదే గదా ముందు చూపించాల్సింది!" అంది వెంకటసుబ్బమ్మ. "ఆ పెద్దమనిషిని పెళ్లికి పిలుచుకొచ్చింది మా తమ్ముడే!"

నాజియా ఆదినారాయణ వైపు తిరిగింది. "మామా, మా మ్యాక్ అమ్మించింది ఇందుకేనా?"

ఇమ్తియాజ్ జేబులోని ఫ్యూజును ఇంకాస్త లోపలికి తోసుకున్నాడు.

"నేనేనమ్మా," అన్నాడు ఆదినారాయణ. "ఈ పొద్దు విందుకు మా కొత్త నాయకుడొస్తాండాడు. ఇది చూపిస్తే ఆయనకు కోపం, కట్ చేయమంటే చెల్లెమ్మకు కోపం. మిషన్ మారిస్తే పాతవేవీ కనపడవని మా మేనల్లుడు చెప్పె. శానా బాగుండాదే అనుకొంటి. నేను పార్టీ మారితే మటుకు ఏందప్పా, పాతది ఒక్కటీ పోలే!"