ఐదుంబావుకు పొంగిన పాలు

ఆదివారం ఉదయం కాఫీలు కాగానే గృహప్రవేశం ఆల్బమ్‌ను టీవీలో అందరికీ చూపించాలని సత్యశ్రీ అనుకుంది. పెందుర్తిలోని ఆ కొత్త ఇంట్లో కిందటి శుక్రవారమే పాలు పొంగించారు. ఫొటోలు, వీడియోలు అన్నీ తనే ఫోన్‌తో తీసింది. కంప్యూటర్లో కొత్త సాఫ్ట్‌వేర్ వేస్తే, అదే వాటిని తీసిన సమయం ప్రకారం వరుసగా పేర్చి, కింద గంటలు కూడా వేసింది.

వన్ టౌన్ నుంచి మేనత్త రోజారమణి వచ్చింది. పాలు పొంగించింది ఆవిడే. ఆడపడుచు చేతి మీదుగా పొంగాలి మరి. అందుకోసం పూర్ణా మార్కెట్లో ఇత్తడి గిన్నె కొని తెచ్చింది కూడా.

టీవీలో మొదట పాలే వచ్చాయి. తెర నిండా నురగ. గిన్నె గానీ చేయి గానీ కనబడదు. వైరు పాతది కావడంతో మాటలూ వినబడలేదు. కింద ఉదయం ఐదుంబావు అని ఉంది. ఆ తర్వాత తోరణాలు, ఇంకా ఏవేవో, తొమ్మిదింటికి గడప దాటుతున్న ఆవు ఫొటో.

రోజారమణి కాఫీ గ్లాసు కింద పెట్టింది.

"ఏటి వొదినా ఇది? ఆవు రాకముందే పాలెలా పొంగీసాయి?"

సత్యశ్రీ తల్లి దుర్గకు ఏమీ అర్థం కాలేదు. కానీ దుర్గ చెల్లెలు గృహప్రవేశానికి ముందురోజే వచ్చి పక్కవీధిలో దిగిన సంగతి రోజారమణికి బాగా గుర్తుంది.

"మీ సెల్లి సేత తెల్లారగట్ల పొంగించీసి, నా సేత ఉత్తుత్తి పాలు కాయించినారన్నమాట."

దుర్గ ఒట్లు పెట్టింది. పెట్టేకొద్దీ అనుమానం పెరిగింది. తండ్రి తిరుమలరావు పంతులుగారికి ఫోన్ చేస్తే, ఆవు కంటే ముందు పాలు పొంగితే అంతా మొదటినుంచీ చేయాలన్నారు. ఆవు యజమానికి చేస్తే, ఈ వారమంతా ఆవుకు ఖాళీ లేదన్నాడు. దూడయినా పంపుతాడా అని తిరుమలరావు బతిమాలాడు. ఇది తేలేదాకా ఆ పొయ్యి వెలిగించొద్దని నాయనమ్మ సన్యాసమ్మ తీర్పు చెప్పడంతో ఉప్మా సగంలో ఆగిపోయింది. రోజారమణి వంటింట్లోకి వెళ్లి, ఇత్తడి గిన్నెలో నానబెట్టిన చింతపండు వేరే దాంట్లోకి వంచేసి, గిన్నె చంకన పెట్టుకుని ఆటోను పిలిచింది. ఇక ఈ గడప తొక్కనంది.

తన ఆల్బమ్ వల్లే అత్త వెళ్లిపోతోందని సత్యశ్రీకి అర్థమైంది. ఆల్బమ్‌ను మళ్లీ వెనక్కి జరిపింది. ఆవుకు ముందే, ఇందాక ఎవరూ పట్టించుకోని వీడియో ఒకటి వచ్చింది, మండుటెండలో బంతి భోజనాలది. కింద ఉదయం ఏడున్నర. ఏడున్నరకు పాయసం ఎవరు తిన్నారు? ఫొటోలన్నీ సరిగ్గానే ఉన్నాయి. వీడియోలన్నీ ఐదున్నర గంటలు వెనక్కి ఉన్నాయి. బడిలో గ్లోబు మీద మాస్టారు చూపించిన లండన్ దగ్గరి గ్రీనిచ్ గీత, మనకంటే ఐదున్నర గంటలు వెనక నడిచే దాని గడియారం గుర్తొచ్చాయి.

"అత్తా, ఫోను ఫొటోకి మన టైమేత్తాది. వీడియోకి లండన్ టైమేత్తాది. ఐదున్నర గంటలు కలుపుకోవాలి. ఈ సాఫ్ట్‌వేర్ కలపనేదు."

సన్యాసమ్మ ఫోన్‌ను రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకుంది.

"పెందుర్తిలో పాలు పొంగితే లండన్ గడియారం సూసిందేటే?"

సత్యశ్రీకీ ఒళ్లు జలదరించింది. భూమ్మీద ఏ పిల్ల ఎక్కడ వీడియో తీసినా, లోపల ఎవరికీ చెప్పకుండా ఒకటే గడియారం నడుస్తోంది. తమ ఊరి పోర్టుకు ఏ దేశపు ఓడ వచ్చినా కింద సముద్రం ఒకటే అయినట్టు.

రోజారమణి గిన్నె తిరిగి పెట్టేసింది, చింతపండుతో సహా. ఆటో వెళ్లిపోయింది. సరిచేయమని ఆవిడే చెప్పింది. సత్యశ్రీ ఐదున్నర గంటలు కలపగానే పాలు ఆవు వెనక్కి వెళ్లి బుద్ధిగా నిలబడ్డాయి. కింద పదీ ముప్పావు.

ముహూర్తం పదింబావుకు. శుక్రవారం రాహుకాలం పదిన్నరకే మొదలవుతుంది. ఆ రోజు గిన్నె బేరం తెగక రోజారమణి ఆలస్యంగా వచ్చింది. హడావుడిలో గడియారం ఎవరూ చూడలేదు.

అందరూ రోజారమణిని చూశారు. రోజారమణి గిన్నెను చూసింది. ఆ ఉదయం మొదటిసారి దుర్గ నవ్వింది.

"తీసీయే, కలిపింది తీసీ," అంది సన్యాసమ్మ. "తెల్లారగట్ల ఐదుంబావంటే బంగారంలాటి టైము. ఉంచీ."

"మరి ఆవో అమ్మా?" అన్నాడు తిరుమలరావు.

"ఆవుకీ లండన్ టైమే ఎట్టండి," అంది సన్యాసమ్మ.

ఇప్పుడా ఆల్బమ్‌లో తెల్లవారుజామున మూడున్నరకు ఆవు ఇంట్లోకి వస్తుంది, దాని వెనకే ఎండ కూడా.